కడబంతిలో కూర్చున్న పాటలు

2020 జనవరిలో ఒక సంగీత పాత్రికేయుడు లాస్ ఏంజెలెస్‌లో రేడియో పెట్టాడు. అమెరికా పల్లె బాణీ అయిన కంట్రీ సంగీతం వేసే స్టేషన్‌లో గాయని గాబీ బారెట్ పాట వస్తోంది. అది అయీ కాగానే, మధ్యలో ప్రకటన గానీ మగ గొంతు గానీ లేకుండా, మరో గాయని కెల్సీ బాలెరినీ పాట మొదలైంది. ఇలా వేసినందుకు స్టేషన్‌కు జరిమానా పడదా అని ఆయన ట్విటర్‌లో వెటకారంగా రాశాడు. దానికి మిషిగన్ రాష్ట్రంలోని సాగినా పట్టణం నుంచి ఒక కంట్రీ స్టేషన్ జవాబిచ్చింది. ఇద్దరు ఆడవాళ్ల పాటలు వెంటవెంటనే వేయడం తమకు కుదరదని, లేడీ యాంటిబెల్లం, లిటిల్ బిగ్ టౌన్ బృందాల పాటలను కూడా మరో గాయని పాట పక్కన పెట్టబోమని, లాస్ ఏంజెలెస్ స్టేషన్ ధైర్యానికి తమ మెప్పు అని ఆ జవాబు సారాంశం.

పాత్రికేయుడిది వెటకారం. స్టేషన్‌ది మాత్రం ఉన్నమాట. దేశమంతా ముక్కున వేలేసుకున్నది అందుకే. కంట్రీ రేడియోలో పనిచేసేవాళ్లకు ఈ సూత్రం దశాబ్దాలుగా తెలుసు. బయటివాళ్లు అడిగితే మాత్రం అలాంటిదేమీ లేదనేవారు. సాగినా స్టేషన్ చేసిన పొరపాటల్లా దాన్ని దాచిపెట్టకపోవడమే.

ఆ జవాబులో మరో సంగతి ఉంది. లేడీ యాంటిబెల్లం బృందంలో ఇద్దరు మగవాళ్లు, ఒక స్త్రీ. లిటిల్ బిగ్ టౌన్‌లో ఇద్దరు ఇద్దరు. అంటే ముగ్గురిలో ఒక్క ఆడ గొంతు ఉన్నా చాలు, పాట మొత్తం ఆడవాళ్ల పద్దులోకి వెళ్లిపోతుంది. చేటెడు బియ్యంలో ఒక్క రాయి కనిపిస్తే చేట మొత్తం పక్కన పెట్టినట్టు.

అమెరికాలో వాణిజ్య రేడియో పాటల వరస ఎవరికి తోచినట్టు వారు వేసేది కాదు. ప్రోగ్రాం డైరెక్టర్ అనే ఉద్యోగి ఏ పాటలు వేయాలో, ఏది రోజుకు ఎన్నిసార్లు రావాలో తేల్చుతాడు. ఆ తర్వాత వరస పేర్చేది కంప్యూటర్. పాట వేగం, వయసు, ధోరణి, పాడినవారు ఆడో మగో, అన్నీ ముందే గుర్తులుగా ఎక్కించి ఉంటాయి. ఏ గుర్తు పక్కన ఏది రాకూడదో కూడా చెప్పి ఉంచుతారు. గంటకు పన్నెండు పాటలు అనుకుందాం. ఆడ గొంతు పక్కన ఆడ గొంతు రాకూడదంటే లెక్కకు ఆరు పాటల చోటుంది. ఆచరణకు వచ్చేసరికి అంత మిగలదు. ప్రకటనలు కాగానే ఊపున్న పాట రావాలి, నెమ్మది పాటలు రెండు కలవకూడదు, ఒకే గాయకురాలి పాటల మధ్య ఇంత ఎడం ఉండాలి. ఒక్కో నిబంధనా తన వంతు కోసుకుంటూ పోతే ఆ ఆరు కాస్తా మూడో రెండో అవుతాయి. మగవాళ్ల పాటలు పది వరసగా వచ్చినా కంప్యూటర్ కిమ్మనదు. ఎందుకంటే అలా రాకూడదని దానికి ఎవరూ చెప్పలేదు.

తెలుగు శ్రోతకు ఈ గొడవ కొంచెం వింతగానే తోస్తుంది. మన సినిమా పాటల్లో యుగళగీతాలదే పెద్ద పీట కాబట్టి ఆడ గొంతూ మగ గొంతూ ఒకే పాటలో పక్కపక్కనే ఉంటాయి. విజయవాడ ఆకాశవాణిలో సుశీల పాట తర్వాత జానకి పాట వేయకూడదని ఎవరూ అనుకొని ఉండరు. కంట్రీ సంగీతం ఎక్కువగా ఒంటి గొంతు కథ. పొలం, పల్లె, తాగుడు, విడాకులు, దేవుడు, పాత లారీ, వీటిని ఒక మనిషి తన కథలా చెప్పుకునే పాట. అందువల్ల ఎవరి కథ వినిపిస్తున్నారన్నది అక్కడ నేరుగా ఎవరి గొంతు వినిపిస్తున్నారన్న ప్రశ్నే.

లెక్కలు చూద్దాం. కెనడాలోని ఒట్టావా విశ్వవిద్యాలయ పరిశోధకురాలు జేడా వాట్సన్ 2000 నుంచి 2018 దాకా కంట్రీ రేడియో వార్షిక ప్రసార జాబితాలను వరసగా పరిశీలించారు. 2000లో జాబితాలోని పాటల్లో స్త్రీలవి 33.3 శాతం. 2018 నాటికి అవి 11.3 శాతం. మూడింట ఒకటి ఉన్నది తొమ్మిదింట ఒకటి అయింది. పాట ఒకసారి ప్రసారం కావడాన్ని అక్కడ స్పిన్ అంటారు. ఆ స్పిన్‌ల లెక్కలో తేడా ఇంకా పెద్దది. 2018లో స్త్రీల పాట ఒకసారి వినిపిస్తే పురుషుల పాటలు 9.7 సార్లు వినిపించాయి. అదే ఏడాది డిసెంబర్ 8 తేదీతో వచ్చిన, బిల్‌బోర్డ్ పత్రిక రేడియో ప్రసారాలను లెక్కగట్టి వేసే కంట్రీ ఎయిర్‌ప్లే జాబితాలో మొదటి ఇరవై స్థానాల్లో ఒక్క స్త్రీ కూడా లేదు. 1990లో ఆ జాబితా మొదలయ్యాక అలా జరగడం అదే మొదటిసారి.

వాట్సన్ మరో పని చేశారు. రోజును పూటలుగా విడదీసి, ఏ పూట ఎవరి పాటలు వస్తున్నాయో లెక్కగట్టారు. వేసే ఆ కాసిని స్త్రీల పాటల్లోనూ పెద్ద భాగం సాయంత్రం పొద్దుపోయాక, అర్ధరాత్రి దాటాక వస్తున్నాయని తేలింది. జనం ఆఫీసులకు కార్లలో వెళ్లేటప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు రేడియో ఎక్కువ వింటారు. ఆ వేళల్లో వచ్చిన ఒక ప్రసారం, ఊరు పడుకున్నాక వచ్చిన ప్రసారం ఒకటి కావు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ కూర్చోబెట్టిందీ కడబంతిలోనే, వడ్డించేవాడూ మనవాడు కాదు.

ఈ సంగీతం పుట్టుకలోనే ఆడ గొంతు లేదా అంటే, ఉంది. 1927 జులై చివర, ఆగస్టు మొదట్లో టెనెసీ సరిహద్దు పట్టణం బ్రిస్టల్‌లో విక్టర్ రికార్డు కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ చేసిన రికార్డింగులను కంట్రీ సంగీతానికి తొలి మెట్టుగా చెప్పుకుంటారు. అక్కడికి వచ్చిన కార్టర్ కుటుంబంలో ప్రధాన గాయని సారా కార్టర్. గిటారు వాయించినది మేబెల్ కార్టర్. బొటనవేలితో రాగం పలికిస్తూ, మిగతా వేళ్లతో తాళం నడిపించిన ఆమె పద్ధతిని తర్వాతి తరాల మగ గిటారు వాద్యకారులు నేర్చుకున్నారు. ఆ కుటుంబంలోని పురుషుడు ఏ.పి. కార్టర్ కొండ పల్లెల్లో తిరిగి పాటలు సేకరించేవాడు. పునాది రాళ్లు వేసినవారిలో ఇద్దరు ఆడవాళ్లున్న ఇంట్లో ఆ తర్వాత వాళ్లకు గది దొరకలేదు.

పాతికేళ్లు గడిచినా, ఆడవాళ్లు ఒంటరిగా పాడిన రికార్డులు అమ్ముడుపోవన్న నమ్మకమే కంట్రీ సంగీత పరిశ్రమకు కేంద్రమైన నాష్‌విల్‌లో రాజ్యమేలింది. 1952లో కిట్టీ వెల్స్ అనే ముప్పై రెండేళ్ల గృహిణి, పాటలు ఇక చాలనుకుంటున్న దశలో, 125 డాలర్ల పారితోషికం వస్తుంది కదా అని ఒక పాట పాడింది. అప్పటికే మార్కెట్‌లో హాంక్ థాంప్సన్ పాడిన పాటొకటి మారుమోగుతోంది. తనను వదిలి బార్ల వెలుగులకు ఆకర్షితురాలైన ఆడదాన్ని నిందించే పాట అది. వెల్స్ పాడింది దానికి జవాబు. అలాంటి ఆడవాళ్లను తయారు చేసింది దేవుడు కాదు, పెళ్లయీ పెళ్లికానట్టు తిరిగే మగవాళ్లేనని. ఎన్‌బీసీ రేడియో దాన్ని వద్దన్నది. నాష్‌విల్‌లో కంట్రీ సంగీతానికి గుడిలాంటి గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక మీద ఆమెను మొదట ఆ పాట పాడనివ్వలేదు. నింద పాటకు లేని అభ్యంతరం జవాబుకు వచ్చిందన్నమాట. అయినా రికార్డు అమ్ముడుపోయి, బిల్‌బోర్డ్ కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. ఒంటరిగా పాడిన స్త్రీకి ఆ స్థానం దక్కడం అదే మొదలు.

లోరెట్టా లిన్ కథ ఇంకా కళ్లకు కడుతుంది. కెంటకీ బొగ్గుగని కార్మికుడి కూతురు, పదిహేనేళ్లకే పెళ్లి, ఇరవై దాటేసరికి నలుగురు పిల్లలు. 1960లో ఒక చిన్న కంపెనీ ఆమె తొలి రికార్డు వేసింది. ప్రచారానికి డబ్బు లేదు. భార్యాభర్తలు పాత కారులో రికార్డులు వేసుకుని ఊరూరా రేడియో స్టేషన్ కనిపించిన చోటల్లా ఆగి, లోపలికి వెళ్లి, పాట వేయమని అడిగారు. బ్రెడ్డు ముక్కలతో కడుపు నింపుకుని కారులోనే పడుకునేవారు. పాట కంట్రీ జాబితాలో 14వ స్థానం దాకా వెళ్లింది. ఆ రోజుల్లో ఇది సాధ్యమైంది. ఎందుకంటే స్టేషన్‌లో కూర్చున్న మనిషికి పాట నచ్చితే ఆ మధ్యాహ్నమే వేయగలిగేవాడు. పైనుంచి ఎవరినీ అడగక్కర్లేదు. అదే లిన్ 1975లో గర్భనిరోధక మాత్ర గురించి పాడినప్పుడు చాలా స్టేషన్లు తలుపులు వేసుకున్నాయి. 1972లోనే రికార్డు చేసిన పాటను విడుదల చేయడానికి కంపెనీకే మూడేళ్లు పట్టింది. నిషేధాల మధ్యనే అది ఐదో స్థానం చేరింది. నిషేధించేవాళ్లూ వేసేవాళ్లూ వేర్వేరు మనుషులుగా ఉన్నన్నాళ్లూ పాటకు ఏదో ఒక సందు దొరికేది.

1990ల రెండో భాగం స్త్రీలకు పంట కాలం. షనయా ట్వెయిన్, ఫెయిత్ హిల్, మార్టినా మెక్‌బ్రైడ్, ట్రిషా ఇయర్‌వుడ్, పదమూడేళ్ల వయసులో దూసుకొచ్చిన లియాన్ రైమ్స్, చివర్లో డిక్సీ చిక్స్. 1997లో వచ్చిన షనయా ట్వెయిన్ ఆల్బం ప్రపంచవ్యాప్తంగా నాలుగు కోట్ల ప్రతులకు పైగా అమ్ముడైంది. కంట్రీ సంగీతంలో మగవాళ్లు సైతం అసూయపడే సంఖ్య అది. శ్రోతలు ఆడవాళ్ల పాటలు వినరన్న వాదన ఎవరు చేసినా ముందు ఈ నాలుగు కోట్లకు జవాబు చెప్పాలి.

మరి ఏమైంది? రెండు సంగతులు కలిశాయి.

మొదటిది చట్టం. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టానికి ముందు ఒక కంపెనీ దేశం మొత్తం మీద నలభై రేడియో స్టేషన్లకు మించి ఉంచుకోకూడదు. కొత్త చట్టం ఆ దేశవ్యాప్త పరిమితిని తీసేసింది. కొన్నేళ్లలోనే క్లియర్ ఛానల్ అనే ఒక్క కంపెనీ చేతిలో పన్నెండు వందలకు పైగా స్టేషన్లు చేరాయి. పాటల ఎంపిక ఊళ్లలోని స్టేషన్ల నుంచి దూరపు కార్యాలయాలకు తరలిపోయింది. లోరెట్టా లిన్ కారు ఆపిన ఆ చిన్న స్టేషన్ ఇప్పటికీ అక్కడే ఉండవచ్చు, లోపల నిర్ణయం తీసుకునే మనిషే లేడు. వందల మంది ప్రోగ్రాం డైరెక్టర్లలో ఒకడి అభిరుచి వంకరగా ఉంటే నష్టం ఒక పట్టణానికి. కొద్దిమంది చేతుల్లోకి ఆ పని వెళ్లాక, వాళ్ల భయాలే జాతీయ విధానం అయిపోయాయి.

రెండోది 2003 మార్చి 10 రాత్రి. ఇరాక్ యుద్ధానికి కొద్ది రోజుల ముందు లండన్ కచేరీలో డిక్సీ చిక్స్ గాయని నటాలీ మెయిన్స్, అమెరికా అధ్యక్షుడు తమ టెక్సస్‌వాడే అయినందుకు సిగ్గుపడుతున్నామని అంది. అప్పటికి వాళ్ల పాటే కంట్రీ జాబితాలో ముందుంది. రోజుల్లో అది కిందికి జారిపోయింది. క్యుములస్ అనే గొలుసు కంపెనీ తన కంట్రీ స్టేషన్లన్నిటిలో వాళ్లను ఆపేసింది. లూసియానాలో సీడీలను కుప్పపోసి ట్రాక్టరుతో తొక్కించారు. 2007లో అదే బృందం, ఆ గొడవ గురించే రాసుకున్న పాటతో సహా, ఐదు గ్రామీలు గెలిచింది. కంట్రీ రేడియో మాత్రం మెత్తబడలేదు. కారణం రాజకీయమే, నిజమే. కానీ ఒక్క వారంలో దేశమంతటా ఒక బృందాన్ని మాయం చేయవచ్చని అందరికీ తెలిసిపోయింది. ఆ తర్వాత నోరు తెరిచే ముందు వెనకాడిన గాయనులు ఎందరో లెక్కకు అందదు. ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్నవి పికప్ లారీలు, బీరు, బిగుతు జీన్సు వేసుకున్న పేరులేని అమ్మాయి. 2013లో ఒక విమర్శకుడు ఈ బాణీకి బ్రో కంట్రీ అని పేరు పెట్టాడు. ఆ పాటల్లో ఆడపిల్లలు కుప్పలు తెప్పలు. మాట్లాడే ఆడపిల్ల మాత్రం ఒక్కతీ లేదు. దాన్నే ఆటపట్టిస్తూ మరుసటి ఏడాది మాడీ అండ్ టే అనే ఇద్దరమ్మాయిల జంట పాడిన పాట ప్రసార జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. అంటే శ్రోతలకు ఎగతాళి అర్థమైంది, నచ్చింది కూడా.

2015 మేలో కీత్ హిల్ అనే రేడియో సలహాదారు ఒక వృత్తి పత్రికతో మాట్లాడుతూ, కంట్రీ రేడియోకు శ్రోతలు కావాలంటే ఆడవాళ్లను తీసేయమన్నాడు. సలాడ్‌తో పోలిక తెచ్చాడు. లూక్ బ్రయన్, బ్లేక్ షెల్టన్ లాంటి మగ గాయకులు అందులోని ఆకుకూరట, ఆడవాళ్లు టమాటాలట. తెలుగువాడి విస్తట్లో చెప్పాలంటే మగవాళ్లు అన్నం, ఆడవాళ్లు నంజుకునే పచ్చడి. పెద్ద దుమారమే రేగింది. మార్టినా మెక్‌బ్రైడ్ టమాటా అని రాసిన టీషర్టులు అమ్మి ఆ డబ్బు సేవా కార్యక్రమాలకు ఇచ్చింది. హిల్ వెనక్కి తగ్గలేదు, తాను చెప్పింది అభిప్రాయం కాదు లెక్క అన్నాడు. కంట్రీ రేడియో వినేవాళ్లలో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారనీ, వాళ్లు ఇష్టపడేది మగ గొంతులనేననీ అతని వాదన.

ఈ వాదనను కొట్టిపారేయడం సులువు, విప్పి చూడడం మేలు. ఎందుకంటే దాని వెనక నిజంగానే ఒక సర్వే ఉంటుంది. స్టేషన్లు శ్రోతలకు పాటల్లోని పల్లవి ముక్కలు కొన్ని సెకన్ల పాటు వినిపించి మార్కులు వేయమంటాయి. ముక్క విన్న మనిషి వెంటనే గుర్తుపట్టిన పాటకు మంచి మార్కులు పడతాయి. గుర్తుపట్టనిదానికి పడవు. ఇది మానవ స్వభావం, ఇందులో కుట్ర లేదు. పాట గుర్తుండాలంటే పదేపదే వినిపించాలి. కంట్రీ పాట ఒకటి అడుగు నుంచి పైకి చేరడానికి ఏడాది కూడా పట్టవచ్చు. ఆ ఏడాదంతా మగవాడి పాట ఉదయం ఎనిమిదింటికి, ఆడదాని పాట రాత్రి రెండింటికి వేసి, చివర్లో ఏది నచ్చిందని అడిగితే ఏ జవాబు వస్తుందో తెలుసుకోవడానికి సర్వే అక్కర్లేదు. వంటవాడు ఉప్పు వేయకుండా కూర వండి, చూశారా ఈ కూర ఎవరికీ నచ్చలేదు అన్నట్టు ఉంటుంది. సర్వే కొలిచేది గత సంవత్సరపు వడ్డనను. స్టేషన్ దాన్ని వచ్చే సంవత్సరపు ఆకలిగా చదువుకుంటుంది.

ఒక్క మాట హిల్ పక్షాన కూడా చెప్పాలి. వాణిజ్య రేడియో అమ్మేది పాటలను కాదు, ప్రకటనల మధ్య శ్రోత ఛానల్ మార్చకుండా ఉండే నిమిషాలను. తెలియని పాట వస్తే వేలు బటన్ మీదికి పోతుంది. ప్రోగ్రాం డైరెక్టర్‌కు ఆ భయం నిజమైనది, ఉద్యోగం దాని మీదే ఉంది. కానీ తెలియని మగవాడి పాటను ఏడాది పాటు ఓపికగా తెలిసిన పాటగా మార్చే స్టేషన్‌కు, ఆ ఓపిక ఒక వైపే ఎందుకుందో ఈ భయం చెప్పదు.

తిలాపాపం తలా పిడికెడు. రికార్డు కంపెనీలు మా దగ్గరికి మగవాళ్లనే ఎక్కువ తెస్తున్నాయని స్టేషన్లు అంటాయి. స్టేషన్లు వేయనప్పుడు ఆడవాళ్ల మీద డబ్బెలా పెడతామని కంపెనీలు అంటాయి. మధ్యలో గాయని మాత్రం గిటారు భుజాన వేసుకుని రేడియో యాత్రకు బయల్దేరుతుంది. కొత్త గాయకులు వారాల తరబడి ఊరూరా స్టేషన్లకు వెళ్లి, సమావేశం గదిలో నాలుగు కుర్చీల ముందు పాడి, ప్రోగ్రాం డైరెక్టర్లతో భోజనం చేసి, ఫొటోలు దిగి మంచి చేసుకోవడం అక్కడి ఆచారం. వేసేవాడి దయ మీద బతికే చోట అమ్మాయిలకు ఏ ఇబ్బందులు వస్తాయో ఊహించవచ్చు. టేలర్ స్విఫ్ట్ అంతటి తారకే తప్పలేదు. 2013లో డెన్వర్ కంట్రీ స్టేషన్ ఉద్యోగి ఒకడు ఫొటో దిగుతూ ఆమెతో అసభ్యంగా ప్రవర్తించాడు. ఉద్యోగం పోయాక అతనే ఆమె మీద దావా వేశాడు. ఆమె ఎదురు దావా వేసి ఒక్క డాలరు పరిహారం అడిగింది. 2017 ఆగస్టులో జ్యూరీ ఆమె పక్షాన తీర్పిచ్చింది. ఒక్క పాట కూడా జాబితాలో లేని పంతొమ్మిదేళ్ల పిల్ల ఆ పని చేయగలదా?

వయసు లెక్క ఒకటి ఇక్కడే చెప్పుకోవాలి. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2019లో చేసిన పరిశీలనలో, 2014 నుంచి 2018 దాకా ప్రముఖ కంట్రీ పాటల కళాకారుల్లో స్త్రీలు 16 శాతమేనని తేలింది. అందులోనూ పేరున్న మగ గాయకుల సగటు వయసు 42, గాయనులది 29. మగవాడికి నలభై దాటాక కథలు పండుతాయి. ఆడదానికి ముప్పైలోనే తలుపు మూసుకుంటుంది. విడాకులు, పిల్లలు, పోయిన అమ్మానాన్నలు, అప్పులు. కంట్రీ పాటకు కావలసిన సరుకంతా మనిషికి చేరేది ఆ వయసు తర్వాతేనన్నది గమ్మత్తు.

రేడియోను పక్కన పెడితే బొమ్మ మరోలా ఉంటుంది. గాయని కేసీ మస్‌గ్రేవ్స్ 2018 ఆల్బం ఆ ఏడాది నవంబర్‌లో కంట్రీ సంగీత సంఘం ఉత్తమ ఆల్బంగా నిలిచింది, 2019 ఫిబ్రవరిలో గ్రామీ ఆల్బం ఆఫ్ ది ఇయర్ గెలిచింది. పాప్, ర్యాప్, రాక్ అన్నిటినీ దాటి వచ్చిన బహుమతి అది. దానిలోని ఒక్క పాటా కంట్రీ ప్రసార జాబితాలో మొదటి పదిలోకి రాలేదు. 2019 నవంబర్‌లో అదే సంఘం వార్షిక వేడుకను స్త్రీలకు అంకితం చేసింది. వేదిక మీద క్యారీ అండర్‌వుడ్, రీబా మెక్‌ఎంటైర్, డాలీ పార్టన్ ముగ్గురూ వ్యాఖ్యాతలు. తరతరాల గాయనులు కలిసి పాడారు. రాత్రి ముగిసే ముందు ఇచ్చే పెద్ద బహుమతి, ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్, గార్త్ బ్రూక్స్‌కు వెళ్లింది. పోటీలో ఉన్న ఒకే ఒక్క స్త్రీ అండర్‌వుడ్ వ్యాఖ్యాతగా చప్పట్లు కొట్టింది. 1972లో లోరెట్టా లిన్‌తో మొదలుపెట్టి ఆ బహుమతి గెలిచిన స్త్రీల పేర్లు చెప్పడానికి రెండు చేతుల వేళ్లు సరిపోతాయి. 2011లో టేలర్ స్విఫ్ట్ తర్వాత 2023 దాకా ఒక్కరూ లేరు.

రేడియో ఎవరు వింటారు, అంతా ఫోన్‌లోనే కదా అనుకోవచ్చు. కంట్రీ సంగీతానికి ఆ మాట పూర్తిగా వర్తించదు. డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువాళ్లకు తెలుసు, గంటల కొద్దీ కారు ప్రయాణాలున్న చోట రేడియో ఇంకా బతికే ఉంది. అంతకంటే ముఖ్యం, పండుగలాంటి వేసవి కచేరీల్లో ఎవరు ఏ వరసలో పాడాలో, రికార్డు కంపెనీ రెండో ఆల్బంకు డబ్బు ఇవ్వాలో వద్దో ప్రసార జాబితా చూసే చాలాసార్లు తేల్చుతారు. ఇక ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్ కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. 2019లో మార్టినా మెక్‌బ్రైడ్ స్పాటిఫైలో కంట్రీ మ్యూజిక్ అని పేరు పెట్టి కొత్త ప్లేలిస్టు మొదలుపెట్టి, సిఫారసులు చూపమంది. వచ్చినవన్నీ మగవాళ్ల పాటలు. మళ్లీ నొక్కింది, మళ్లీ మగవాళ్లే. ఒక స్త్రీ పేరు కనిపించేసరికి పద్నాలుగు సార్లు నొక్కాల్సి వచ్చిందని ఆమె రాసింది. రేడియో ఇరవై ఏళ్లుగా నేర్పిన పాఠాన్ని యంత్రం ఒప్పజెప్పింది.

నల్లజాతి స్త్రీ అయితే గోడ రెండింతలు. లిండా మార్టెల్ 1969లో గ్రాండ్ ఓల్ ఆప్రీలో ఒంటరిగా పాడిన తొలి నల్లజాతి స్త్రీ. కొద్ది కాలానికే ఆమె నాష్‌విల్ వదిలి వెళ్లిపోయింది. 2024లో పాప్ తార బియాన్సే తన కంట్రీ ఆల్బంలో ఆమె గొంతు వినిపించేదాకా చాలామందికి ఆ పేరే తెలియదు. ఆ ఆల్బం నుంచి ముందుగా విడుదలైన ఒక పాట, అమ్మకాలు, ఆన్‌లైన్ వినికిడి, రేడియో మూడూ కలిపి లెక్కించే కంట్రీ జాబితాలో మొదటి స్థానం చేరింది. కేవలం రేడియో మీద లెక్కించే జాబితాలో ముప్పైల దగ్గరే ఆగిపోయింది. ఒకే పాట, ఒకే వారాలు. జనం డబ్బిచ్చి కొన్నది ఒక లెక్క, స్టేషన్ వేసింది మరో లెక్క. బియాన్సే బయటి గాయని కనుక రేడియో తటపటాయించిందనవచ్చు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే 2023లో ట్రేసీ చాప్‌మన్ పాత పాట కంట్రీ రేడియోలో మొదటి స్థానానికి వెళ్లినప్పుడు ఎవరికీ తటపటాయింపు లేదు. ఒక నల్లజాతి స్త్రీ ఒంటరిగా రాసిన పాట ఆ స్థానానికి చేరడం అదే మొదటిసారి. పాడింది లూక్ కోంబ్స్ అనే తెల్లజాతి గాయకుడు.

సాగినా ట్వీటు తర్వాత కొన్ని కదలికలు వచ్చాయి. కంట్రీ పాటల టీవీ ఛానల్ సీఎంటీ తన పాటల వీడియోల వేళల్లో స్త్రీ పురుషులకు సగం సగం ఇస్తామని అదే నెలలో ప్రకటించింది. అంతకుముందు అది అరవై నలభై. ఆ ఏడాది జులైలో మిరాండా లాంబర్ట్ ఎనిమిదేళ్ల తర్వాత సొంత గొంతుతో ప్రసార జాబితా శిఖరం చేరింది. ఆ ఎనిమిదేళ్లలో ఆమెకు వచ్చిన బహుమతులకు అల్మరా చాలదు. 2022లో కార్లీ పియర్స్, ఆష్లీ మెక్‌బ్రైడ్ ఇద్దరూ కలిసి పాడిన పాట మొదటి స్థానం చేరింది. ఆడ గొంతు పక్కన ఆడ గొంతు రాకూడదన్న రేడియోలో ఒకే పాటలో రెండు ఆడ గొంతులు.

లూసియానాలో బాస్కిన్ అనే చిన్న పల్లెలో రైతు కూతురు లేనీ విల్సన్ 2011లో, పంతొమ్మిదేళ్లకు, ఒక క్యాంపర్ బండి తోలుకుని నాష్‌విల్ వచ్చింది. ఒక స్టూడియో ఆవరణలో బండి ఆపుకుని అందులోనే మూడేళ్లు ఉంది. ఆమె పాట ప్రసార జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది 2021 సెప్టెంబర్‌లో. 2023లో ఎంటర్‌టైనర్ బహుమతి గెలిచి పన్నెండేళ్ల కరువుకు తెర దించింది. 2025లో మళ్లీ ఆమే. ఆ మధ్యలో 2022లో ఆమె పేరు రెండోసారి శిఖరం మీద కనిపించింది, కోల్ స్విండెల్ పాటలో జంట గొంతుగా. 2023 చివర్లో మరోసారి, జెల్లీ రోల్ పాటలో. రెండింట్లోనూ ముందున్నది మగవాడి పేరే.